అడవిలో నీళ్ల ఇంజనీరుకేం పని? గుణుపురం అమ్మాయి ప్రశ్నకు నా జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీది గుణుపురం. సివిల్ పూర్తయింది. ఒడిశా రాయగడ జిల్లాలో అటవీ భూముల్లో నీటి పనులు చూసే ప్రాజెక్టులో హైడ్రాలజీ (వాన, ఊట, వాగుల నీటి లెక్కలు) ఇంజనీరుగా ఈ జూన్‌లో చేరబోతున్నారు. రోజూ చేసే పనేమిటి, కాలేజీ ఫార్ములాలు అక్కరకొస్తాయా అని మీ సందేహం. "అడవిలో ఇంజనీరుకేం పని, చెక్‌డ్యామ్‌లు కట్టిస్తావా?" అని మీ నాన్నగారి సందేహం.

నాది పర్లాకిమిడి. గజపతి, రాయగడ కొండల్లో 24 ఏళ్లు ఇదే పని చేశాను. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, కొండ మీద సగం సైగలు. ముందు మీ నాన్నగారి ప్రశ్నకే జవాబు చెప్తాను, ఎందుకంటే అసలు ప్రశ్న అదే. చెక్‌డ్యామ్‌లు కట్టించడం మీ పనిలో బాగా చిన్న ముక్క. "ఇక్కడ కట్టొద్దు" అని కారణాలతో రాసి, ఆ కాయితం మీద సంతకం పెట్టి, ఆ తర్వాత వచ్చే ఫోన్లు తట్టుకోవడం పెద్ద ముక్క. అలా రాయాలంటే చేతిలో అంకె ఉండాలి. ఆ అంకె వానాకాలంలో దొరకదు. చైత్ర వైశాఖాల్లో, గెడ్డ (కొండ వాగు) సన్నగా దారంలా పారుతున్నప్పుడు కొలిస్తేనే దొరుకుతుంది.

మన కొండల్లో ఏడాదికి 1,300 మి.మీ. అటూ ఇటూ వాన పడుతుంది. అందులో చాలా భాగం జూన్ నుంచి సెప్టెంబరులోపే. అంత వాన పడే చోట ఏప్రిల్‌కి ఆడవాళ్లు బిందె పట్టుకుని కిలోమీటరు దిగుతున్నారంటే, వాన తక్కువై కాదు, కొండ దాన్ని దాచుకోలేకపోవడం వల్ల. కాశీపూర్ వైపు కొండలు చూడండి. అడుగున ఖోండలైట్ రాయి, పైన ఎర్రటి లేటరైట్ టోపీ, రెండిటి మధ్య తెల్లటి సుద్ద పొర. (ఈ కొండల గిరిజనులైన ఖోండుల పేరే ఆ రాయికి పెట్టారు.) లేటరైట్ బొక్కలు బొక్కలుగా ఉంటుంది, వాన నీటిని స్పాంజిలా తాగుతుంది. ఆ నీళ్లు సుద్ద దాకా దిగి, ఇక దిగలేక పక్కకు జారి, కొండ అంచున ఊటగా బయటపడతాయి. అందుకే ఒకే కొండ చుట్టూ ఊటలు దాదాపు ఒకే ఎత్తులో వరసగా కనిపిస్తాయి. టోపోషీటు (కొండల ఎత్తులు చూపే పటం) 1:50,000 స్కేలుది, ఎత్తుని చూపే కాంటూరు గీతకీ గీతకీ మధ్య 20 మీటర్లు. ఆ ఊటల వరస దాంట్లో కనపడదు. కాలినడకన కొండ చుట్టూ తిరిగి జీపీఎస్‌లో గుర్తులు పెట్టుకోవాల్సిందే. మీ మొదటి రెండు నెలల పని ఇదే అనుకోండి.

కొలవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఊట దగ్గర నీళ్లకొచ్చిన ఆడవాళ్లని "బిందె నిండడానికి ఎంతసేపు పడుతుంది?" అని అడగండి. "కార్తీకంలో పెట్టి తీసేలోపే నిండుతుంది, ఇప్పుడైతే ఒక జడ వేసుకోవచ్చు" అని నాకొకావిడ చెప్పింది. ఆ జడని నేను స్టాప్‌వాచీతో కొలిచాను, రెండు నిమిషాల పది సెకన్లు.

దీన్ని లెక్కలోకి ఇలా తెచ్చుకోవాలి. 60 గడపల ఊరు, గడపకి అయిదుగురు, మొత్తం 300 మంది. కేంద్రం ఇంటింటి కుళాయి పథకం జలజీవన్ మిషన్ లెక్కన మనిషికి రోజుకి 55 లీటర్లు. అంటే రోజుకి 16,500 లీటర్లు, నిమిషానికి పదకొండున్నర లీటర్లు. 15 లీటర్ల బిందె 78 సెకన్లలో నిండితే ఊట ఊరికి సరిపోయినట్టు, రాత్రి పారే నీళ్లు కూడా నిలబెట్టుకునే ట్యాంకు ఉంటేనే. కానీ ఊటంతా పైపులోకి మళ్లిస్తే కింద గెడ్డ ఎండిపోతుంది. ఆ గెడ్డ మీద పశువులున్నాయి, గెడ్డ వెంట పల్లంలో వేసే ఝోలా వరి మళ్లున్నాయి, రాత్రిళ్లు వచ్చే జంతువులున్నాయి. నేనైతే సగానికి మించి తీయను. అంటే బిందె 39 సెకన్లలో నిండాలి, అదీ మే నెలలో. అక్టోబరులో కొలిచి "ఊట బ్రహ్మాండంగా ఉంది" అని రాసిన రిపోర్టులు మీ టేబుల్ మీదికి వస్తాయి. ముందు తేదీ చూడండి.

గెడ్డ అయితే వీ-నాచ్ పెట్టండి, అంటే V ఆకారంలో గాటు ఉన్న రేకుని నీటికి అడ్డంగా నిలబెట్టడం. జీఐ రేకుని 90 డిగ్రీల కోణంలో కోయించుకోండి, గుణుపురంలో ఏ వెల్డింగ్ షాపువాడైనా కోస్తాడు. అంచు పదునుగా ఉండాలి. రేకు కింద, పక్కల బంకమట్టి బాగా కూరాలి, లేకపోతే సగం నీళ్లు కింద నుంచే పోతాయి. సూత్రం మీకు తెలిసిందే: 1.38ని ఎత్తు రెండున్నర ఘాతంతో గుణించాలి, ఎత్తు (గాటు అడుగు నుంచి నీటి మట్టం దాకా) మీటర్లలో, ప్రవాహం సెకనుకి ఘనపు మీటర్లలో. నాచ్‌లో 10 సెంటీమీటర్లు పారుతుంటే సెకనుకి 4.4 లీటర్లు. 5 సెంటీమీటర్లకి పడితే 2.2 కాదు, 0.77 లీటర్లు. ఎత్తు సగమైతే నీళ్లు అయిదో వంతుకన్నా తక్కువ అవుతాయి. ఈ ఒక్క సంగతి ఊరివాళ్లకి చేత్తో చూపించండి, వెంటనే పట్టుకుంటారు. ఇంజనీర్లే ఆలస్యంగా పట్టుకుంటారు.

కొత్తవాళ్లందరూ చేసే తప్పు ఇక్కడే ఉంది. స్కేలు తీసుకెళ్లి నేరుగా నాచ్ మీద పెట్టి చదువుతారు. నాచ్ దగ్గర నీటి పైభాగం వంగి కిందికి జారుతుంటుంది, అక్కడ చదివితే తక్కువ వస్తుంది. నీటి ఎత్తుకి కనీసం నాలుగు రెట్ల దూరం వెనక్కి వెళ్లి, నీళ్లు కదలకుండా ఉన్న చోట చిన్న కర్ర పాతి, ఆ కర్ర మీద చదవాలి. 5 సెంటీమీటర్ల దగ్గర అర సెంటీమీటరు అటూ ఇటూ చదివారంటే ప్రవాహంలో నాలుగో వంతు తేడా వచ్చేస్తుంది.

ఇప్పుడు నా తప్పొకటి చెప్తాను. 2011లో కాశీపూర్ వైపు ఒక ఊరికి ఊట నుంచి పైపు వేశాం. 42 గడపలు, మోటారు లేదు, కరెంటు లేదు, వాలు మీదనే నీళ్లు రావాలి. ఊట నోటి దగ్గర నీళ్లు పట్టే చిన్న చాంబర్ (తొట్టి) కట్టాలి. డ్రాయింగ్ నేనే వేశాను. పునాది దగ్గర "గట్టి పొర తగిలే వరకు తవ్వాలి" అని నోట్ రాశాను. అది బిల్డింగ్ డ్రాయింగుల నుంచి చేతికి అలవాటైపోయిన వాక్యం, ఆలోచించి రాసింది కాదు. పని రోజు నేను ఇంకో సైట్‌లో ఉన్నాను. కాంట్రాక్టరు మనిషి నా నోట్‌ని తూచా తప్పకుండా పాటించాడు. జేసీబీ దించి, సుద్ద పొరని చీల్చుకుంటూ కింద రాయి తగిలే దాకా తవ్వాడు. సాయంత్రానికి గుంత నిండా నీళ్లు, అందరూ చప్పట్లు. మూడో రోజుకి గుంత ఎండిపోయింది. సుద్ద పొరే ఆ ఊటకి పళ్లెం, మేం పళ్లెం అడుగు పగలగొట్టాం. నీళ్లు ఇంకా కిందికి దిగి, తొమ్మిది మీటర్ల దిగువన ఒకాయన ఝోలా మడిలో పొంగాయి.

అప్పటికి కిలోమీటరున్నర పైపు వేసేశాం. చాంబర్ కిందికి మార్చి, మడి రైతుని బతిమాలి, నీళ్లయితే తెచ్చాం. కానీ ఊరి పై వీధిలో మూడు ఇళ్లు కొత్త చాంబర్ కన్నా ఎత్తున పడ్డాయి. వాళ్లకి కుళాయి ఉంది, నీళ్లు రావు. అటు వెళ్లినప్పుడల్లా పై వీధికి వెళ్లకుండా తిరిగొచ్చేవాణ్ణి, నిజం చెప్పాలంటే. అప్పట్నుంచి ఊట డ్రాయింగుల మీద పెద్దక్షరాలతో రాస్తున్నాను: యంత్రం వద్దు, చేత్తో తవ్వాలి, తెల్ల మట్టి కనపడితే ఆపాలి, ఇంజనీరు లేకుండా మొదలుపెట్టకూడదు. ఒడియాలో కూడా రాస్తాను, తాపీమేస్త్రికి అర్థం కావాలి కదా.

కాలేజీ ఫార్ములాలకి వద్దాం. పనికొస్తాయి, కానీ ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. ఉదాహరణకి 60 హెక్టార్ల పరీవాహకం ఉన్న చిన్న గెడ్డకి ఎంత వరద వస్తుందో లెక్కేయండి. రేషనల్ ఫార్ములాలో గుణకం (పడిన వానలో పారే వంతు) 0.35, గంటకి 80 మి.మీ. వాన వేస్తే సెకనుకి 4.7 ఘనపు మీటర్లు వస్తుంది. అదే గెడ్డకి, పరీవాహక విస్తీర్ణం మీదే వరద లెక్కేసే డికెన్స్ ఫార్ములా వేయండి. మన కోస్తా ఆంధ్ర, ఒడిశాలకి పుస్తకాల్లో ఇచ్చే స్థిరాంకం 22 నుంచి 28. దానితో 15 నుంచి 19 ఘనపు మీటర్లు. మూడు, నాలుగు రెట్ల తేడా! ఖర్చు తగ్గించాలనుకునేవాడు మొదటిది పట్టుకుంటాడు, బిల్లు పెంచాలనుకునేవాడు రెండోది.

మీరు మూడో పని చేయండి. గెడ్డలోకి దిగండి. కిందటేడు వరదకి కొట్టుకొచ్చి చెట్ల కొమ్మలకి చిక్కుకున్న చెత్త ఏ ఎత్తున ఉందో చూడండి. గట్టు మీద వేర్లు ఎక్కడిదాకా కడుక్కుపోయాయో చూడండి. గెడ్డలో ఎంతంత బండలు దొర్లాయో చూడండి. ఆ గుర్తు దాకా గెడ్డ అడ్డుకోత (వెడల్పు, లోతుల వైశాల్యం) కొలిస్తే 4 చదరపు మీటర్లు వచ్చిందనుకోండి, వాలు, గరుకుదనాలని బట్టి నీటి వేగం చెప్పే మేనింగ్ సూత్రంతో వేగం సెకనుకి 2 మీటర్లు వచ్చిందనుకోండి. అంటే 8 ఘనపు మీటర్లు ఇక్కడ నిజంగానే పారాయి. అప్పుడు మీ 0.35 గుణకం అబద్ధమని తెలుస్తుంది. పైకి ఎక్కి చూస్తే సగం కొండ పోడు కొట్టి కాల్చి ఉంటుంది. అడవి అనుకుని గుణకం వేశాం, అక్కడ అడవి లేదు. ఇక్కడ చెక్‌డ్యామ్ కట్టి, దాని మీదుగా 60 సెంటీమీటర్ల ఎత్తున నీళ్లు దాటేలా చూసుకుంటే 4.7కి ఆరు మీటర్ల అలుగు చాలు, 8కి పది మీటర్లు కావాలి. ఆరు మీటర్లతో కట్టినవాటిలో చాలామటుకు గోడ గట్టిగానే ఉంటుంది, గెడ్డే పక్క గట్టు కోసుకుని గోడని చుట్టి వెళ్లిపోతుంది. బీటలు లేని గోడ పొడిగా నిలబడి, దాని పక్కన గెడ్డ హాయిగా పారుతుంటే చూసేవాళ్లకి నవ్వొస్తుంది.

బ్లాకు ఆఫీసు వానమాపకం అంకెలు వరద లెక్కకి పెద్దగా నమ్మకండి. అది 24 గంటల మొత్తం చెప్తుంది. మన చిన్న గెడ్డలు పదిహేను, ఇరవై నిమిషాల్లోనే పొంగిపోతాయి. గుణుపురం, కాశీనగర్ దగ్గర వంశధార మీద కేంద్ర జలసంఘం కొలతలున్నాయి. అవి పెద్ద నదికి, మీ గెడ్డకి కాదు.

ఎవరూ మీకు ముందుగా చెప్పని సంగతి రోడ్ల గురించి. అడవిలో నీటికి ఎక్కువ చెరుపు చేసేది రోడ్డు. కొండ పక్కని కోసి రోడ్డు వేస్తే, మట్టిలో నెమ్మదిగా దిగుతున్న నీళ్లు ఆ కోత దగ్గర బయటపడి సైడు కాలవలో చేరతాయి. మెల్లగా ఊటకి చేరాల్సిన నీరు వరదలా ఒక్కచోట కొండ కిందికి దూకుతుంది. ఆ చోట రెండేళ్లలో మనిషి లోతు గండి పడుతుంది. దాని కింద గల్లీ ప్లగ్గులు (గండికి అడ్డంగా చిన్న రాతి కట్టలు) కట్టమని మీకు ఫైలు వస్తుంది. ఆ ఫైలు వచ్చినప్పుడు పైకి నడిచి రోడ్డు చూడండి. రోడ్డుని కాస్త బయటి వాలుగా దిద్ది, ప్రతి యాభై, అరవై మీటర్లకి నీళ్లు అడ్డంగా దాటేలా చేస్తే చాలాచోట్ల ప్లగ్గుల అవసరమే ఉండదు. గెడ్డ దాటే చోట సన్న తూము గొట్టాలు వద్దు, కొమ్మలు అడ్డుపడి మూసుకుపోతాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి కొండల మీద కుమ్మరించినప్పుడు గొట్టాల కల్వర్టులు ఎలా పోయాయో నేను కళ్లారా చూశాను. నీళ్లకి గొట్టం సరిపోయేదే, చెట్లకీ బండలకీ సరిపోలేదు. మామూలు రాతి కాజ్‌వే, పైనుంచి నీళ్లు పారేది, అది మేలు. రెండు రోజులు బండి ఆగుతుంది, అంతే.

వాన నీటిని ఆపడానికి కొండ వాలు మీద తవ్వే కందకాల గురించి నా అభిప్రాయం కాస్త కటువుగా ఉంటుంది. బోడి కొండకి అవి మంచివే. కానీ టార్గెట్ పూర్తి చేయాలని పచ్చటి సాల అడవిలో కూడా తవ్విస్తారు. ఆకు పరుచుకున్న నేల దానంతటదే నీటిని తాగుతుంది, అక్కడ తవ్వితే వేర్లు తెగడం తప్ప ఒరిగేదేం లేదు. బాగా నిటారుగా ఉన్న వాలులోనూ వద్దు, నీళ్లు నిలిచి నాని కొండచరియ జారే ప్రమాదం. లెక్క కూడా చూడండి. మూడు మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు కందకంలో పట్టేది ముప్పావు ఘనపు మీటరు. హెక్టారు మీద 50 మి.మీ. వాన పడి, 40 శాతం పారితే 200 ఘనపు మీటర్లు. ఒక్క వానని ఆపడానికే 267 కందకాలు. మొత్తం ఆపేస్తామని రిపోర్టులో రాయకండి.

భూమి సంగతి త్వరగా ముగిస్తాను, ఇది వేరే సముద్రం. ఏ చోట పని చేసినా ముందు ఒడిశా భూరికార్డుల సైటు భూలేఖ్‌లో ఆ నంబరు "కిసమ్" చూడండి: గ్రామ్య జంగల్ (ఊరి అడవి), పతిత (బీడు), గోచర (పశువుల మేత), పర్బత (కొండ), ఇలా భూమి రకం ఉంటుంది. రిజర్వు ఫారెస్టు కాకపోయినా, 1996 డిసెంబరు 12 సుప్రీంకోర్టు ఉత్తర్వు తర్వాత జిల్లా కమిటీలు అడవిగా గుర్తించిన భూములున్నాయి, వాటిని డీఎల్‌సీ ఫారెస్టు అంటారు. తెలియక అందులో తవ్వి కేసు పాలైన జూనియర్ ఇంజనీర్లు ఉన్నారు. అటవీశాఖ సంరక్షణ కోసం కట్టుకునే చిన్న డ్యాములు, నీటి గుంటలకి అటవీ భూమిని వేరే పనికి వాడే మళ్లింపు అనుమతి విడిగా అక్కర్లేదు. ఊరి తాగునీటి పైపు, చిన్న చెరువు, చిన్న కాలవ లాంటివాటికి 2006 అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్ దారి చూపిస్తుంది: ఒక్కో పనికి హెక్టారు లోపు, హెక్టారుకి 75 చెట్లకి మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డు ప్రాంతం కాబట్టి చిన్న నీటి వనరుల మీద పంచాయతీలకి పెసా (షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల) చట్టం ఇచ్చిన అధికారం కూడా ఉంది. దీన్ని ఆఖరి సంతకంలా చూడకండి, మొదటి మీటింగులా చూడండి. నేను 2011లో ఊరి సభలో గంట కూర్చుని ఉంటే, తెల్ల మట్టి కింద ఏముందో బావి తవ్వి చూసినవాడొకడు అక్కడే ఉన్నాడని తెలిసేది. పని చెడ్డాక తెలిసింది.

శ్రీకాకుళంలో చుట్టాలింటికి వెళ్తే "మీరు పైన గెడ్డలన్నీ కట్టేసి మా నాగావళి నీళ్లు ఆపేస్తున్నారట" అంటారు. మిమ్మల్నీ అంటారు. పక్క నది వంశధార నీళ్ల మీద ఒడిశా, ఆంధ్రాల తగాదాకి 2010లో వేసిన ట్రిబ్యునల్ తుది తీర్పు 2017లో ఇచ్చింది, కాబట్టి జనానికి ఆ వేడి ఇంకా ఉంది. ఒక మామూలు అటవీ చెక్‌డ్యామ్ ఒకసారి నిండితే పట్టేది 2,000 ఘనపు మీటర్లనుకోండి. ఒక టీఎంసీ అంటే 2 కోట్ల 83 లక్షల ఘనపు మీటర్లు. అలాంటివి 14 వేలు కడితే ఒక టీఎంసీ. నాగావళి మీది తోటపల్లికి గాని వంశధార మీది గొట్టా బ్యారేజీకి గాని దీనివల్ల వచ్చే లోటు ఏమీ ఉండదు. అయితే ఒకే గెడ్డ మీద పదిహేను కడితే ఆ గెడ్డ కింది ఊరికి మాత్రం లోటే, ఆ ఊరు ఒడిశాలో ఉన్నా ఆంధ్రాలో ఉన్నా.

ఇంకో చిన్న సంగతి. లఖారి లోయ వైపు, సరిహద్దు పొడుగునా ఏనుగులు తిరుగుతాయి. అడవిలో నీటి గుంట తవ్విస్తే నాలుగు పక్కలా నిటారు గట్టు పెట్టకండి. ఒక పక్కన ఒకటికి మూడు వాలు (మీటరు లోతుకి మూడు మీటర్ల అడ్డం) వదలండి. లేకపోతే జింక పిల్ల దిగుతుంది, ఎక్కలేదు.

ఆడపిల్ల ఒంటరిగా అడవికి వెళ్లడం గురించి మీరు అడగలేదు, మీ నాన్నగారు లోలోపల అడుగుతూ ఉంటారు. ఒంటరిగా ఎవరూ వెళ్లరు, మగవాళ్లు కూడా. ఫారెస్టు గార్డో, ఊరి మనిషో ఒకరు తోడుంటారు. పైగా ఊట దగ్గర ఆడవాళ్లు నాతో సగమే మాట్లాడేవారు. మీకు పూర్తిగా చెప్తారు.

జూన్‌లో చేరుతున్నారు కాబట్టి ఈ ఏటి మే కొలత చేజారిపోయింది. చేరగానే ఊట ఊటకీ తిరిగి ఈ వేసవిలో బిందె ఎంతసేపటికి నిండిందో అడిగి రాసుకోండి, జ్ఞాపకం తాజాగా ఉండగానే. వానలు తగ్గాక రేకు పెట్టండి. మొదటి నాచ్ కొలత వచ్చినప్పుడు నాకు పంపండి, చూస్తాను. అంకె ఒక్కటీ కాదు, స్కేలు ఎక్కడ పెట్టి చదివారో కూడా రాయండి.